వాగవతలి ఇల్లు

మారియప్ప బక్కెట్లో డి.డి.టి. పొడిని కర్రతో కలియబెట్టి, గుడ్డలో వడగట్టి, పంపు గొట్టం అందులో దించాడు. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు తెల్లగా అట్టకట్టింది. వేళ్ల సందుల్లో చర్మం పగిలి మండుతోంది. జవళగిరి అడవి అంచు పల్లెల్లో మలేరియా మందు కొట్టడం అతనికిది నాలుగో ఏడు.

ఇన్నేళ్లూ వాగు దాకా వచ్చి ఆగిపోయేవాడు. ఇవతల మద్రాసు రాష్ట్రం, అవతల మైసూరు. అటువైపు పల్లెకు వాళ్ల మనుషులు ఎప్పుడో మరో నెలలో వచ్చేవారు, ఒక్కోసారి వచ్చేవారే కాదు. దోమకు మాత్రం వాగు అడ్డం కాలేదు. ఈ మందు ఇంకా రాని రోజుల్లో, బేరిగైలో అతని భార్య కాళమ్మ చలిజ్వరంతోనే పోయింది. అప్పటినుంచి తనే వండుకు తింటూ, పంపు పని లేని నెలల్లో రాగిచేలకు కూలికి పోతూ బతికాడు.

ఈసారి కొత్త ఉత్తరువు వచ్చింది. అన్ని దేశాలవాళ్లూ కలిసి జెనీవాలో పెట్టుకున్న ఆరోగ్య సంస్థ, ఎల్లకు రెండు పక్కలా ఒకేసారి మందు కొట్టాలని చెప్పిందట. ఢిల్లీ ఒప్పుకుంది, రెండు రాష్ట్రాలూ తలూపాయి. ఒక్క ఇల్లు కూడా వదలొద్దని ఇన్‌స్పెక్టరు గట్టిగా చెప్పాడు. మారియప్ప, అతనితో పంపు కొట్టే వీరప్ప వాగు దాటారు.

మధ్యాహ్నానికి చివరి ఇల్లు మిగిలింది. సామాను వాకిట్లో పెట్టి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది ముసలి అంగాళమ్మ. లోపల తట్టల నిండా పట్టుపురుగులు మల్బరీ ఆకు కొరుకుతున్న చప్పుడు. రేపోమాపో గూళ్లు కడతాయి. మందు సోకితే ఒక్కటీ బతకదు.

“ఏడాది తిండప్పా ఇది. ఇంకో ఇంటికి మారుస్తామంటే ఊరంతా మీ మందే.”

వీరప్ప ఆమె చేయి పట్టుకుని లాగబోతే మారియప్ప వారించాడు. ఇన్‌స్పెక్టరు ఊరి మొదట్లో ఉన్నాడు. మందు కొట్టినట్టు గోడ మీద సుద్దతో తేదీ వేసి పోతే అడిగేవాడు లేడు. సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడు కూడా.

అప్పుడు లోపల పళ్లు టకటక కొట్టుకోవడం వినబడింది. మూల గొంగళి కింద అంగాళమ్మ కూతురు చిక్కమ్మ వణుకుతోంది. ఆ వణుకు అతనికి తెలుసు.

“అవ్వా, మా ఇంటామె గూడా ఇట్లే పడుకొన్నింది. అప్పుడు ఎవరూ రాలేదు. ఈడ దోమ మిగిలితే ఇంకొకరికి జ్వరం పట్టుకుంటాది,” అన్నాడు. “నేను బలవంతం చెయ్యను. నువ్వే చెప్పు.”

ఆమె తట్టల వైపు చూసింది. కూతురి వైపు చూసింది. పొరుగింటి అరుగు మీది పిల్లల దగ్గర చూపు ఆగింది.

“ఇన్నేండ్లు వాగుకు ఆ పక్క మీరు కొడతా ఉంటే చూస్తా ఉంటిమి. మాకెందుకు లేదని యాడికి పోయి అడగల్లో తెలీలేదు,” అంది. పక్కకు తప్పుకుంది. “కొట్టప్పా.”

చిక్కమ్మను గొంగళితో సహా ఎత్తి ఎద్దులబండిలో పడుకోబెట్టారు. తల్లిని ఎక్కించుకుని బండి హోసూరు ఆసుపత్రికి బయలుదేరింది. మారియప్ప గోడలు, వాసాలు, తలుపు వెనక సందు, ఏదీ వదలకుండా కొట్టాడు. సాయంత్రానికి ఆకు కొరికే చప్పుడు పలచబడి, ఆగిపోయింది.

అతను వాకిట్లో పంపు కడుగుతుండగా బండి తిరిగివచ్చింది. దారిలో తళి ఊరు కూడా దాటలేదు. తల్లి ఒడిలో చిక్కమ్మ ముఖం మీద కొంగు కప్పి ఉంది. అంగాళమ్మ ఏడవలేదు. బిడ్డను లోపల పడుకోబెట్టవచ్చా అని మాత్రం అడిగింది. గోడలు ఆరినాయన్నాడు. వీరప్ప రెండోసారి పిలిచాక వాగు వైపు నడిచాడు.

వాకిట్లో రోలుకు ఆనుకుని, చిక్కమ్మ తాగకుండా వదిలేసిన రాగిగంజి గిన్నె ఉంది; ఎవరో దాని మీద ఆకు మూసిపెట్టారు.