ఇరవై ఆరు ఊర్ల పేర్లు

మహిపాల్ చొక్కా జేబు ఎల్లారెడ్డి ఊరి అంగడి కన్నా పెద్దది. ఇరవై ఏళ్లుగా ఆ జేబులు తడిమి తడిమి ఉతుకుతున్న భార్య రాజశ్రీకి అందులో దొరకని వస్తువు లేదు. బస్సు టికెట్లు, వక్కపలుకులు, ట్రాలీ ఆటో నట్లూ బోల్టులూ, ఒకసారైతే బతికున్న తొండ. అది తనను చూసి సిగ్గుపడి మళ్లీ జేబులోకే దూరిందని ఆమె చెబితే, బీడీలు చుట్టే వాడకట్టు ఆడవాళ్లంతా కత్తెరలు పక్కన పెట్టి నవ్వారు. ఆ సోమవారం పొద్దున దొరికిన కాగితం సంగతి మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు.

నాలుగు మడతల కాగితం, నెట్ సెంటర్‌లో ప్రింటు తీసినది. పైన కూతురు అనిల ఫోటో, పక్కన ర్యాంకు, కింద గళ్లు గీసిన పట్టిక. పట్టికలో ఒకటే వరుస. రాజశ్రీ ఏడో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు కూడబలుక్కోవాలి. ఆ ఒక్క పేరుకు ఆ కష్టం కూడా లేదు. పెద్దకొడప్‌గల్ నుంచి కోడలై వచ్చిన నాటి నుంచి బస్సు బోర్డుల మీద చూస్తున్న పేరే. కామారెడ్డి. కాగితం వెనక్కి తిప్పింది. వెనక ఏమీ లేదు. బకెట్లో నీళ్లు నిండి పొర్లుతున్నా ఆమెకు నల్లా కట్టేయాలని తోచలేదు.

అనిల రాసిన జాబితాలో ఇరవై ఆరు పేర్లున్నాయి. మెడికల్ సీటు కావాలంటే కావలసిన కాలేజీలన్నీ వరుసగా కంప్యూటర్లో పెట్టాలి, పైనుంచి చూసుకుంటూ వచ్చి ర్యాంకుకు ఎక్కడ అందితే అక్కడ ఇస్తారు. ఈ ముచ్చట బీడీ కట్టలకు దారం ముడి వేస్తూ అనిల తల్లికి ఎన్నోసార్లు చెప్పింది. "కామారెడ్డి ఇంటికి దగ్గర, ఆశకు పైన రాస్తున్నమ్మా. అందుడు కష్టమే. ఆసిఫాబాద్, భూపాలపల్లి మాత్రం పక్కా." ఆఖరు రోజు తనే నెట్ సెంటర్‌కు పోవాలనుకుంది. అది కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే రోజయింది. కట్టలు తక్కువ పడ్డాయని నాయనమ్మ భూదవ్వ లేవనివ్వలేదు. ఆడపిల్ల అక్కడ గంటలు గంటలు కూర్చోవడమేంది, ఫోను నా దగ్గరే ఉంది కదా అని మహిపాల్ జాబితా జేబులో పెట్టుకుని పోయాడు. పరీక్షకు దరఖాస్తు చేసిన నాటి నుంచి నంబరు ఆయనదే. ఏది తెరవాలన్నా ఆరంకెల ఓటీపీ ఆ ఫోనుకే వస్తుంది. సాయంత్రం వచ్చి, అన్నీ పెట్టించిన, తాళం పడ్డది, ఇగ మార్చరాదు అన్నాడు. అనిల ఆయన కాళ్లకు మొక్కింది.

పన్నెండింటికి అన్నం పెడుతూ రాజశ్రీ కాగితం పళ్లెం పక్కన పెట్టింది. మహిపాల్ ఏమాత్రం తడబడలేదు. నవ్వాడు. ఆకు ఇచ్చి బీడీలు లెక్కపెట్టి తీసుకునే కార్ఖానా టేకేదారు సిద్దిరాములు చెప్పిన కథ చెప్పాడు. తాడ్వాయిలో ఎవడో ఒకాయన బిడ్డకు నలభై కాలేజీల పేర్లు పెట్టాడట. అన్ని పేర్లు చూసి కంప్యూటర్‌కు తిక్క లేచి, పిల్లను తీసుకుపోయి రాష్ట్రం అంచున పారేసిందట. అక్కడికి రైలు దిగి బస్సు, బస్సు దిగి పడవ, పడవ దిగి ఎడ్లబండి. దసరాకు తల్లి మామిడికాయ తొక్కు పంపితే అది ఉగాదికి చేరిందట. మూత తీస్తే జాడీలో ముక్కలు మొలకెత్తి, మూరెడు చెట్టయి, పూత మీద ఉన్నాయట. అందుకని ఒక్కటే అడగాలి. ఒక్కటే అడిగితే ఒక్కటే ఇస్తారు, ఇవ్వక ఎక్కడికి పోతారు.

వేరే రోజైతే ఆ మామిడి పూతకు రాజశ్రీ కడుపు పట్టుకుని నవ్వేది. సిద్దిరాములు కథలంటే ఆమెకూ ఇష్టమే.

"సీటు రాకుంటే?" అంది.

"నీకేం ఎర్కనే, బీడీ చుట్టుడు తప్ప. పిల్లకు చెప్పకు. వట్టిగనే మనసు ఖరాబ్ చేసుకుంటది. వస్తె నేనే చెప్త."

ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తనను తానే అడుగుతూ ఆ మధ్యాహ్నమంతా చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆకు, తంబాకు, చుట్టు, మూతి మడత. చేతులు వాటంతటవే తిరుగుతాయి. కాబట్టే బీడీలు చుట్టే ఆడదానికి ఆలోచించే తీరిక పుష్కలంగా దొరుకుతుంది, అదొక్కటే దాని సుఖం, అదే దాని శిక్ష. చెబితే ఇంట్లో నిప్పు అంటుకుంటుందని భయపడ్డ మాట నిజమే. మగవాడు నాలుగూళ్లు తిరిగేవాడు, ఏమో, ఆయన అన్నదే జరుగుతుందేమో అనుకున్నదీ నిజమే. వాటి అడుగున ఇంకొకటి ఉంది, దాన్ని చూడకుండా ఆమె గబగబా పది బీడీలు చుట్టింది, అయినా అది పోలేదు. కాగితం మీద కామారెడ్డి ఒక్కటే కనబడ్డ మొదటి క్షణంలో తనకు కోపం రాలేదు. పిల్ల రోజూ పొద్దుగూకే వేళకు ఇంటికొస్తుంది, పక్కన కూర్చుంటుంది అనిపించింది. ఇరవై ఏళ్లలో ఈ ఇంట్లో తన పక్కన కూర్చుని తన మాట విన్నది ఆ పిల్ల ఒక్కతే. అంటే మహిపాల్ జేబులో ఉన్న కాగితం కొంచెం తన జేబులోది కూడా.

ఎదురుగా నులక మంచం మీద భూదవ్వ కునుకుతోంది. ఆమె చెవుల మహిమ వాడకట్టుకంతా తెలుసు. నాగిరెడ్డిపేటలో ఆకు చిరిగితే ఎల్లారెడ్డిలో కళ్లు తెరుస్తుంది. వేళ్లు మాత్రం ఎనిమిదేళ్ల కింద వంకరపోయాయి. అయినా కార్ఖానా పుస్తకాల్లో భూదవ్వ వారం తప్పకుండా బీడీలు చుడుతూనే ఉంది. కార్మికురాలిగా లెక్కకొచ్చే బీడీ కార్డు ఆమె పేరు మీద ఉంది. కోడలు వచ్చిన మర్నాడే చాట ఒళ్లో పెట్టి, నీకు వేరే కార్డు ఎందుకే, నా కార్డు మీద చెయ్యి, ఇల్లు ఒక్కటే కద, అంది. ఈ ఊర్లో కొత్త కోడళ్లందరితో అత్తలు అనే మాటే అది. రాజశ్రీ వేళ్ల చర్మం తంబాకుకు గోధుమరంగు తిరిగింది, నడుము వంగింది, కాగితాల మీద మాత్రం ఆమె ఈ ఇరవై ఏళ్లూ ఏ పనీ చేయలేదు. పిల్ల దరఖాస్తులో తల్లి వృత్తి అన్నచోట మహిపాల్ 'ఇంటి పట్టున' అని రాయించాడు.

మర్నాడు కూరగాయల నెపంతో నెట్ సెంటర్‌కు పోయింది. నడిపేది సమీరా, పాతికేళ్ల పిల్ల. కాగితం చూసి కుర్చీ దగ్గరికి జరిపింది.

"నేను అడిగిన ఆంటీ, ఇంకేం లేవా అంకుల్ అని. జాబితా జేబులనే ఉంది, అంచు కనబడ్డది. తియ్యలేదు," అంది. ఇప్పుడు మార్చడానికి లేదని, మొదటి విడతలో మిగిలిన సీట్లకు రెండో విడత ఉంటుందని, అప్పుడు మళ్లీ కొత్తగా పెట్టుకోవచ్చని చెప్పింది. "మూడు దినాలే ఇస్తరు. ఆ ఫోను మాత్రం చేతిల ఉండాలె."

ఎదురుచూపు పదకొండు రోజులు నడిచింది. ఆ రోజుల్లో వాన తెరిపి ఇవ్వలేదు. పోచారం ప్రాజెక్టు నిండి మత్తడి దుంకుతోందని జనం చూడబోయారు. నానబెట్టిన ఆకు బూజు పట్టింది. అనిల తన పగిలిన ఫోనులో గంటకోసారి జాబితా వచ్చిందేమో చూసేది. బకెట్ మోస్తూ చూసేది, అన్నం గంజి వార్చి చూసేది. ఆసిఫాబాద్‌లో చలి ఎక్కువ కదా అమ్మా, రగ్గు కొనాలె, అంది ఒకరోజు. రాజశ్రీ చేతిలో బీడీ విరిగింది. ఇరవై ఏళ్లలో విరగని బీడీ.

తొమ్మిదో రోజున భూదవ్వ అంగడి నుంచి కొత్త చాట తెప్పించింది. దానితో పాటు కొత్త కత్తెర, ఆకు కొలతకు రేకుముక్క. మూడూ తన మంచం కింద, గోడవైపు పెట్టించింది. ఊడవడానికి వంగిన రాజశ్రీకి అవి కనబడ్డాయి. ఎవరికి అత్తా అని అడిగింది.

"ఇంట్ల పడుంటయి తియ్యి," అంది భూదవ్వ కళ్లు తెరవకుండానే. "వచ్చే నెల సంది ఆకు ఎక్కువ ఇయ్యమని సిద్దిరాములుకు చెప్పిన. ఇంకో జత చేతులు ఖాళీ అయితయి కద."

రాజశ్రీ చీపురు పట్టుకుని అలాగే వంగి ఉండిపోయింది. అంటే మహిపాల్‌కు ఆ మొలకెత్తిన తొక్కు కథ మీద నమ్మకమేమీ లేదు. సీటు రాదని తెలిసే పెట్టాడు. తల్లీ కొడుకులు ముందే మాట్లాడుకున్నారు. తను ఒక్కతే ఆ కథను నిజమేమోనని పట్టుకుని వేలాడుతోంది, ఎందుకంటే అది నిజమైతే తను ఏమీ చేయనక్కర్లేదు.

అప్పుడైనా చెప్పాలి. ఇంకా రెండు రోజులు చెప్పలేదు.

జాబితా గురువారం మూడింటికి వచ్చింది. అనిల గడపలో కూర్చుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. మళ్లీ చూసింది. ఏడవలేదు. "అమ్మా, నా వెనక ర్యాంకులోల్లకు ఆసిఫాబాద్ వచ్చింది. నా నంబరే లేదు. నేనేం తప్పు చేసిన?" అంది. మహిపాల్ తువ్వాలతో మెడ తుడుచుకుంటూ, అంతా నసీబు బిడ్డా, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. భూదవ్వ మంచం కిందికి చెయ్యి పెట్టింది. కొత్త చాట గచ్చు మీద జరుగుతూ గరగరమంది.

రాజశ్రీ లోపలికి పోయి, భూదవ్వ బీడీ కార్డు అట్టలో తను దాచిన కాగితం తెచ్చి కూతురి ఒళ్లో పెట్టింది.

"నీ తప్పేం లేదు. మీ బాపు ఒక్కటే పెట్టిచ్చిండు. నాకు పదకొండు దినాల సంది ఎర్కే. నేను గూడ నోరు మూసుకున్న."

అనిల ముందు కాగితాన్ని చూసింది. తర్వాత తండ్రిని చూడలేదు, తల్లిని చూసింది. ఆ చూపు తగలడం రాజశ్రీకి చెంపదెబ్బ కన్నా ఎక్కువగా తెలిసింది. ఆ రాత్రి నుంచి పిల్ల ఆమెతో మాట్లాడలేదు. కంచం కడిగి బోర్లించి, గోడవైపు తిరిగి పడుకునేది.

వారానికి రెండో విడత మొదలైంది. మూడు రోజులు, శనివారం సాయంత్రం అయిదింటికి ఆఖరు. రాజశ్రీ మొగుణ్ణి ఫోను అడిగింది. మళ్లీ కామారెడ్డే పెడదాం, ఈసారి తప్పక వస్తది అని ఆయన ఫోను జేబులో వేసుకుని ఆటో ఎక్కాడు. ఆ జేబునే ఆమె ఇరవై ఏళ్లు ఉతికింది.

ఆమె తన చాట గోడకు బోర్లించింది. తడి గోనెలో ఉన్న ఆకును అలాగే వదిలేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుని గడప పక్కన కూర్చుంది. వంట చేసింది, ఊడ్చింది, ఆకు మాత్రం ముట్టలేదు. మొదటి రోజు మహిపాల్ నవ్వాడు. చూద్దాం ఎన్నొద్దులు కూర్చుంటదో, చేతులు దురద పెడితే తనే తీస్తది అన్నాడు. నిజంగానే దురద పెట్టాయి; వేళ్లు వాటంతటవే లేని బీడీని చుట్టేవి. రెండో రోజు భూదవ్వ అరిచింది. ఒక్క అప్పజెప్పు తప్పితే కార్ఖానాలో ఆకు ఆపుతారు, రెండు తప్పితే కార్డు కొట్టేస్తారు. తానే చాట ఒళ్లోకి లాక్కుంది. వంకర వేళ్ల మధ్య నుంచి తంబాకు చీర మీద రాలింది. అనిల లేచి సాయం చేయబోయి, తల్లి వైపు చూసి, మళ్లీ కూర్చుంది. వారంలో పిల్ల తన వైపు చూడడం అదే మొదటిసారి.

మూడో రోజు మధ్యాహ్నం సిద్దిరాములు స్వయంగా వచ్చాడు. ఆయన ఇల్లిల్లూ తిరగడు. ఇండ్లే ఆయన దగ్గరికి వస్తాయి. గొడుగు మడిచి వాకిట్లో నిలబడ్డాడు. వెనకే మహిపాల్ ఆటో ఆగింది. భూదవ్వ కబురు పంపినట్టుంది.

"ఏం చెల్లె, మన బీడీలు రాకపాయె. పానం బాగలేదా?"

"బాగనే ఉంది అన్నా."

"మరి?"

"ఆ కార్డు మీద నా పేరుందా అన్నా?"

ఉంది అంటే అబద్ధం. లేదు అంటే, ఎనిమిదేళ్లుగా వంకర వేళ్లే చుట్టాయని పుస్తకంలో రాసి బీడీలు తీసుకున్నది తనే. సిద్దిరాములు గొడుగు తెరిచాడు, మూశాడు. మహిపాల్ వైపు చూశాడు. భూదవ్వ కూడా కొడుకు వైపే చూసింది. ఇంట్లో అందరి కళ్లూ ఆ జేబు మీదికి పోయాయి.

గోడ గడియారంలో మూడూ నలభై. మహిపాల్ ఫోను తీసి, ఎవరి చేతికీ ఇవ్వకుండా, బోర్లించిన చాట మీద పెట్టాడు.

"పోయినంక ఈ ఇంటికి మళ్లొచ్చుడు ఎట్లుంటదో చూస్కో," అన్నాడు. నవ్వలేదు.

రాజశ్రీ ఫోను కొంగున ముడేసుకుంది. వీధిలో మోకాలి దాకా బురద. అనిల జాబితాను మళ్లీ రాసి ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని పక్కనే నడుస్తోంది. పాత బస్టాండు దాటాక ఆ పిల్ల నోరు విప్పింది.

"సీట్లు మిగిలినయో లేదో అమ్మా. ఇప్పుడు పెడితే సీటొస్తదా?"

"తెల్వది. ఇరవై ఆరు పేర్లు రాస్తం. ఈసారి రాకపోతే, నిజంగ రాలేదని తెలుస్తది."