పొట్టి యాంటెన్నా

కొండ వెనక పొగ లేవడం మొదలై నాలుగో రోజు. వెర్నాకి కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. పికప్ బండిలోకి ఎక్కి రేడియో స్కానర్ చప్పుడు పెంచుతుంది, మళ్లీ దిగి పొగ వైపు చూస్తుంది.

పన్నెండు మైళ్లు లోపలికి, లోయ చివర, అక్క ఆర్డిత్ ఇరవై రెండు మేకలతో ఒంటరిగా ఉంటోంది. వాగు పక్కన ఒకటే దారి. సెల్‌ఫోన్ అందదు. ఖాళీ చేయమని మంటలార్పే దళం చెప్పేదాకా గుమ్మం దాటనని ఆర్డిత్ పంతం. దళం ఆ మాట చెప్పడం వినగానే, మేకల్ని ఎక్కించుకోవడానికి ట్రెయిలర్‌తో వచ్చేస్తానని వెర్నా చెప్పింది. దళం వాళ్లు రేడియోలో చెప్పుకునే మాటలు వినడానికే స్కానర్ కొంది. దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా పొడుగు యాంటెన్నా ఏరి, బండి వెనక బంపర్‌కి బిగించుకుంది.

నిన్న అక్కని చూసొద్దామని లోపలికి వెళ్లింది. పాత రంపం మిల్లు మలుపు దాటగానే స్కానర్ మూగబోయింది. ఎవరూ మాట్లాడటం లేదంటే అంతా సద్దుమణిగిందనే అనుకుంది. ఆర్డిత్ పీచ్ పండ్లతో చేసిన తీపి రొట్టె తింటూ గంటసేపు కబుర్లు చెప్పింది. తిరిగొచ్చి లోయ దాటిందో లేదో, మాటలు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. మంట వాగు అవతలి గట్టుకి దిగిందట. దారి మూయాలా వద్దా అని గంట నుంచీ అరుచుకుంటున్నారట.

పొద్దున్నే ఆర్వల్ షెడ్డుకి వెళ్లింది. కలప లారీల రేడియోలు బాగుచేసి రిటైరైన మనిషి. ఆయన బంపర్ దగ్గర వంగి చూశాడు.

"ఇంత పొడుగు గాలంతో చేపలు పట్టడానికి వెళ్తున్నావా, వెర్నా?"

"నవ్వకు ఆర్వల్. పొడుగుదైతే దూరం వింటుందన్నారు."

"వింటుంది. బయట గోధుమ పొలాల్లో. దీని చెవి పాన్‌కేక్‌లా పల్చగా, నాలుగు పక్కలా పరుచుకుంటుంది. నీ లోయలో నాలుగు పక్కలా ఏముంది?"

"రాళ్లు."

"రేడియో టవర్ ఎక్కడుంది?"

వెర్నా తలెత్తింది. టవర్ కొండ శిఖరం మీద ఉంది. లోయలో ఉన్నవాళ్లకి దాదాపు నెత్తిమీద.

ఆయన డబ్బాలో వెతికి, మూరెడు యాంటెన్నా కడ్డీ ఒకటి తీశాడు. అడుగున అయస్కాంతం. "దీని చెవి బన్నులా పైకి కూడా ఉబ్బి ఉంటుంది. బండి పైకప్పు సరిగ్గా మధ్యలో పెట్టు. కింద రేకు ఎంత ఉంటే అంత బాగా వింటుంది."

"రంగు గీసుకుపోదూ?"

"ఆ బండి మీద ఇంకా రంగుందా?"

వెర్నాకి నవ్వు రాలేదు. "ఆర్వల్, వినిపించకపోతే ఎవరూ మాట్లాడటం లేదో, నాకే అందడం లేదో ఎలా తెలుస్తుంది?"

ఆయన డబ్బా మూసి పక్కన పెట్టాడు. "గంట గంటకీ దళం కేంద్రం నుంచి ఓ అమ్మాయి గాలి వివరాలు చదువుతుంది. ఎప్పుడూ తప్పదు. అది వినపడితే నీ చెవి పనిచేస్తున్నట్టు. వినపడకపోతే చెవిటిదానివని అనుకో, వెనక్కొచ్చెయ్."

వెర్నా కడ్డీని పైకప్పు మధ్యలో అంటించి, లోయలో వినపడుతుందో లేదో చూడటానికే అయినా ట్రెయిలర్ కూడా తగిలించుకుంది.

మిల్లు మలుపులో కూడా స్కానర్ చిటపటలాడుతూనే ఉంది. ఆర్డిత్ వాకిట్లో బండి ఆపేసరికి పన్నెండుకి నాలుగు నిమిషాలు. ఆర్డిత్ పాల బకెట్‌తో వచ్చింది.

"మళ్లీ వచ్చావా, చిన్నదానా? నీకంటే నా మేకలు నయం, ఒక చోట నిలబడతాయి."

"మాట్లాడకు కాసేపు."

పన్నెండు. అమ్మాయి గొంతు బొంగురుగా, గరగరల మధ్య, కానీ ప్రతి మాటా తెలిసేలా వచ్చింది. పడమటి గాలి, పెరుగుతోంది. ఇరవై నిమిషాల తర్వాత ఇంకో గొంతు: మిల్లు మలుపు దాటాక లోయలో ఉన్న ఇళ్లన్నీ ఖాళీ చేయాలి.

ఆర్డిత్ బకెట్ కింద పెట్టింది. "ఇదేనా, చెప్పడమంటే?"

"ఇదే."

ఆర్డిత్ వెళ్లి దొడ్డి తలుపు తీసింది. ముసలి మేకపోతు ఒక్కటే మొరాయించింది. కొమ్ములు పట్టుకుని ఇద్దరూ దాన్ని ట్రెయిలర్‌లోకి ఎక్కించారు.

మిల్లుకి అర మైలు ముందు దారి కాస్త వెడల్పవుతుంది. ట్రెయిలర్‌తో వెనక్కి తిప్పుకోవడానికి అదే చివరి చోటు. అక్కడికొచ్చేసరికి ముందంతా గోధుమరంగు పొగ. స్కానర్‌లో చప్పుడు లేదు. వెర్నా బండి ఆపింది.

"పోనియ్," అంది ఆర్డిత్. "ఎవరూ వద్దనడం లేదుగా."

"నిన్న నేనూ అలాగే అనుకున్నాను."

ఒంటిగంటకి మూడు నిమిషాలుంది. వెనక మేకలు రేకుని తన్నుతున్నాయి. అద్దం మీద బూడిద రాలుతోంది. వెర్నా బ్రేకు మీద కాలు తీయలేదు. వాచీ చూసింది, స్కానర్ చూసింది, మళ్లీ వాచీ. ఒంటిగంటయింది. ఏమీ లేదు. ఆర్డిత్ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది. ఒంటిగంట దాటి ఒక నిమిషం. వెర్నా వెనక్కి తిప్పడానికి గేరు మార్చింది.

గరగర. అమ్మాయి గొంతు. గాలి వివరాలు, వాటి వెంటే: మిల్లు దగ్గర దారి తెరిచే ఉంది, వాగు పక్క మంట ఆపగలుగుతున్నారు, దీపాలు వేసుకుని నెమ్మదిగా రండి.

వెర్నా దీపాలు వేసి, బండిని పొగలోకి నడిపింది.