కుర్చీలోంచి లేచాక

వరద నీళ్ళు కిటికీల దాకా వచ్చిన ఏడు కాదు, ఆ మరుసటి ఏడు జరిగిందిది.

వరదకు వీధిలో ఉన్న పేము కుర్చీలన్నీ నాని కుళ్ళిపోయాయి. చట్రాలు మిగిలాయి, అల్లికలు పోయాయి. వాటిని మళ్ళీ అల్లడం ఆమె తమ ఇంటి పడక్కుర్చీతో మొదలుపెట్టింది. అది మామగారిది, ఆయన తర్వాత భర్తది. నీళ్ళు గడప దాటిన రోజు ఆమె తన కుట్టుమిషను వైపు పరిగెత్తబోతే, "దానికేం తొందర, ముందు కుర్చీ పట్టు" అన్నాడు భర్త. పట్టింది. కుర్చీ మేడెక్కింది, మిషను బురదపాలయింది. మేడ మీద వానకు కుర్చీ కూడా ఎలాగూ కుళ్ళింది. పాత అల్లికను ఒక్కొక్క ముడీ విప్పుతూ, ఎలా వేశారో చూసుకుంటూ పని నేర్చుకుంది. ఇరుగుపొరుగువాళ్ళు తమ కుర్చీలు మోసుకొచ్చారు. ఏడు తిరిగేసరికి వీధిలో ఆమె కుర్చీలమ్మ అయింది. ఇంట్లో అత్తగారు మాత్రం, "వరండా నిండా ఆ చెత్తేంటమ్మా, మనుషులు తిరగొద్దూ?" అనేది.

ఇంటి సామాన్ల ఎగ్జిబిషన్లో మూడు రోజులకు ఓ చిన్న స్టాలు దొరికింది. హోటళ్ళవాళ్ళు, పెద్ద కొట్లవాళ్ళు వచ్చి టోకున ఆర్డర్లిచ్చే చోటది. ఒక్క పెద్ద ఆర్డరు వస్తే వరండా వదిలి అద్దెకో గది తీసుకోవచ్చు. దానికి తన తాళం తను వేసుకోవచ్చు. ఆమెకు కావలసింది ఆ తాళమే. ఆరు కుర్చీలు వరసగా పెట్టి, అన్నిటికంటే ముందు పడక్కుర్చీ పెట్టింది. దాని వీపున చేప పొలుసుల్లాంటి అల్లిక, ఎవరూ నేర్పనిది, ఆమె చేతికే తట్టినది.

పెట్టగానే భర్త వచ్చి అందులో కూర్చున్నాడు.

కాళ్ళు చాపుకుని, వచ్చినవాళ్ళతో మాటలు పెట్టుకున్నాడు. "మా ఆవిడకి ఏదో కాలక్షేపమండీ. నేనే పెట్టించా. ధరలా? నన్నడగండి." మధ్యలో వెనక్కి తిరిగి, "అలా గుడ్లప్పగించి చూస్తావేం, మంచినీళ్ళు పట్రా" అన్నాడు.

లాడ్జీలు నడిపే ఒకావిడ వచ్చి పడక్కుర్చీ చుట్టూ తిరిగింది.

"ఈ అల్లిక చూడాలండీ, కాస్త లేస్తారా?"

"చూడ్డానికేముందమ్మా, అల్లికే కదా. అటు ఆరున్నాయి, చూసుకోండి."

ఆవిడకు ఆయన చొక్కా తప్ప అల్లిక కనిపించలేదు. వెళ్ళిపోయింది.

ఆమె కత్తెర పట్టుకుని ఆ వీపు వెనకే నిలబడింది. తను వండిన కూర ఎవరైనా మెచ్చుకుంటే "మా అమ్మ నేర్పిందే" అన్నాడు. పిల్లకు మార్కులొస్తే మా వంశం అన్నాడు, తప్పితే నీ పెంపకం అన్నాడు. ఇప్పుడు ఏకంగా అల్లిక మీదే ఎక్కి కూర్చున్నాడు. ఏ పేము బద్ద కోస్తే మొత్తం విడిపోయి ఆయన నడుం నేలకు తగులుతుందో ఆమెకు తెలుసు. తగిలితే బాగుండునని మనసారా అనుకుంది. కానీ అల్లికేం పాపం చేసింది? కత్తెర పక్కన పెట్టింది. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు లేవకపోతాడా, చూద్దాం అనుకుంది.

మధ్యాహ్నం ఆయనకు ఆకలేసింది. "తినొస్తా. కుర్చీ జాగ్రత్త" అని లేచాడు.

పక్క స్టాలు కుండీలాయన్ని కాస్త చూస్తుండమని చెప్పి, ఆమె పరుగున వెళ్ళి లాడ్జీలావిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆవిడ పొలుసుల మీద అరచెయ్యి ఆనించి నిమిరింది. కుర్చీ వంచి అడుగు కూడా చూసింది.

"ఇలాంటివి నా గదులన్నిటికీ కావాలమ్మా. నమూనాకి దీన్ని ఇప్పుడే తీసుకుపోతా. అమ్ముతారా?"

"అమ్మకానికే పెట్టానండీ" అంది ఆమె.

భర్త పళ్ళు కుట్టుకుంటూ తిరిగొచ్చేసరికి స్టాలు ముందు చోటు ఖాళీ.

"కుర్చీ ఏదే?"

"అమ్మేశాను."

"ఎవర్నడిగి?"

"ఎవర్నడగను? మీరు లేచి వెళ్ళారుగా."

"అది మా నాన్న కుర్చీ!"

"చట్రం మామయ్యగారిది. కర్ర ఖరీదు ఇచ్చేస్తా లెండి. మీరు ఆనుకున్నదంతా నాది."

కుండీలాయన నవ్వాపుకోలేక కుండీలు తుడవడం మొదలుపెట్టాడు.

ఇంటికెళ్ళాక అత్తగారు మామగారి పేరు చెప్పి ఏడ్చింది. "మీ ఏడుపయ్యాక అన్నానికి రండి అత్తయ్యా" అని, ఆమె తను ముందు తినేసి పడుకుంది. ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున పిలవకుండానే భర్త స్టాలుకొచ్చాడు. ఓ కుర్చీలో కూర్చోబోయి, దానికి వేలాడే ధర చీటీ చూసి, ఆమె మొహం చూసి, ఓ పక్కన నిలబడ్డాడు. ఎవరో దంపతులు వచ్చి, "ఈ జత ఎంతకిస్తారండీ?" అని ఆయన్నే అడిగారు.

ఆయన నేల చూస్తూ, "ఆవిణ్ణడగండి" అన్నాడు.

ఆమెకు స్పష్టంగానే వినిపించింది.

"ఏమన్నారు? వినపడలేదు" అంది.

ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి కుండీలాయనకు కూడా వినపడేంత గట్టిగా చెప్పాడు.