నీడ వేసిన చీటీ

మా గొడుగుల ఫ్యాక్టరీలో బోర్డులు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇరవై రెండేళ్ళుగా గోడల మీద, అట్టపెట్టెల మీద, ఆఖరికి మరుగుదొడ్డి తలుపుల మీద కూడా నా అక్షరాలే. ప్రతి అక్షరానికీ కుడిపక్కన సన్నగా నీడ వేస్తాను. అది నా చేతి అలవాటు.

ఈమధ్య మా యజమానికి కవిత్వం పట్టుకుంది. రోజూ పొద్దున్నే నలభై మందినీ నిలబెట్టి అరగంట తన కవితలు చదివేవాడు. కాళ్ళు పీకేవి, ప్రాణం విసిగేది. పైగా గుమ్మం పక్కన ఒక పెట్టె పెట్టించాడు. "మీ అభిప్రాయం నిర్భయంగా రాయండి, పేరు అక్కర్లేదు" అని దాని మీద రాసిందీ నేనే.

ప్యాకింగులో పనిచేసే మా బావమరిది అందరినీ కూడగట్టాడు.

"అందరం ఒకే మాట రాసి పడేద్దాం బావా! ఎంతమందినని పీకేస్తాడు?"

సరేనని, "అయ్యా, కవిత్వం ఆపండి" అని రాశాను. చెయ్యి ఊరుకోదుగా, నీడ కూడా వేశాను.

మర్నాడు యజమాని చీటీలన్నీ పైకి చదివాడు. ముప్ఫై తొమ్మిదింట్లో ఒకటే పాట: "అద్భుతం! ఇంకో అరగంట చదవండి!" నా చీటీ మాత్రం చదవలేదు, పైకెత్తి చూపించాడంతే. అందరూ నావైపు తిరిగారు.

"నీ ఉద్యోగం సంగతి సాయంత్రం తేలుస్తా" అన్నాడు.

మధ్యాహ్నం నా బల్ల దగ్గర ఒక్కడు కూర్చుంటే ఒట్టు. మా బావమరిది క్యారియర్ పట్టుకుని గుమ్మంలో నిలబడి తిన్నాడు. ఒళ్ళు మండిపోయింది. అబద్ధమెందుకు, ఏడుపు కూడా వచ్చింది. ఈ వయసులో నన్నెవడు పనిలో పెట్టుకుంటాడు?

సాయంత్రం పిలిచి తీర్పు చెప్పాడు.

"ఉద్యోగం తీయను. కానీ నా కవిత్వం వినే అర్హత నీకు లేదు. చదివినంతసేపూ బయట కూర్చో. వాళ్ళు పాపం ఇంకో అరగంట అడిగారు. రేపట్నుంచి భోజనాల వేళ కూడా చదువుతా."

వారం రోజులుగా మెట్ల మీద చల్లగాలికి కూర్చుని తింటున్నాను. ఇవాళ మా బావమరిది కళ్ళు గుంటలు పడి వచ్చాడు.

"బావా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఆపమని నువ్వే చెప్పు. నీకైతే అలవాటేగా!"

జేబులోంచి కాగితం, కలం తీసి ఇచ్చాను.

"నువ్వే రాయరా. నీడ నేను వేస్తా."

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి చప్పట్లు వినిపించాయి. అందరికంటే గట్టిగా కొట్టింది మావాడే.