నోరీన్ ఇంటి మెట్లు

రోజూలాగే నోరీన్ పొద్దున్నే టీ పెట్టుకుందామని కిందికి దిగింది. మూడంటే మూడు మెట్లకే వంటిల్లొచ్చేసింది. వెనక్కి తిరిగి మళ్ళీ లెక్కపెట్టింది.

నిన్నటికి అరవై రెండున్నాయి. ఆమె చెయ్యి విరగ్గొట్టిన మొగుడు వేన్‌కి శిక్ష పడ్డప్పట్నుంచీ, వాడికి జైల్లో ఎన్ని వారాలు మిగిలితే ఆమె ఇంటికి అన్ని మెట్లు. ఇల్లు మారితే అవీ వెంటే వచ్చాయి. బీరువా ఎక్కించిన కూలీలు తిట్టుకున్నారే గానీ, ఇదేం వింత అని అడిగినవాడు లేడు.

పక్కింటి గ్లెనిస్ ముసలమ్మ తొంగిచూసింది. "ఓసి నా తల్లో, మూడేనా! మూడు వారాల్లో ఊడిపడతాడా వాడు? జైలు కబుర్లు చెప్పే ఆఫీసువాళ్ళు నీకు ఉత్తరం రాయలేదూ?"

"రాలేదు పిన్నీ."

"పాతింటికి వెళ్ళుంటుంది! వాడికి తెలీకూడదని కొత్త అడ్రసు ఎవరికీ చెప్పలేదు నువ్వు. ఆ ఆఫీసుకైనా చెప్పావా?"

చెప్పలేదు. నోరీన్ వెంటనే, బాధితులకు కబుర్లందించే అధికారి పాష్లీకి ఫోన్ చేసింది.

"జైళ్ళు కిక్కిరిసిపోయి ముందే వదిలేస్తున్నారండీ. మీకు రెండు ఉత్తరాలు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. భయపడకండి, వాడు రాకుండా మీరుండే ఆల్మా వీధి చుట్టూ గిరి గీయమని షరతుల్లో రాశాం."

"నేనిప్పుడు ఫౌండ్రీ వీధిలో ఉంటున్నా."

అవతల పాష్లీ కాగితాలు తిరగేశాడు. "విడుదలైనవాళ్ళ హాస్టల్ ఆ వీధి చివరే కదండీ. వాణ్ణి ఉంచబోయేది అందులోనే."

దాక్కుందామని వచ్చి పులి నోట్లోనే తల పెట్టాను కదా అనుకుంది నోరీన్.

"ఇంతకీ మీకెవరు చెప్పారు?"

"మెట్లు."

"అయితే సరే. వాడి విడుదల షరతుల మీద ఇంకా సంతకాలు కాలేదు. మీకేం కావాలో చెప్పండి, పైవాళ్ళకి పంపుతాను."

"వీధి పేరు రాయకండి, వాడికి ఆనవాలు దొరుకుతుంది. ఈ ఊళ్ళోనే అడుగుపెట్టకూడదని రాయండి."

ఆ తర్వాత ఆఫీసు నుంచి కబురు రాలేదు. మెట్లు మాత్రం వారానికొకటి తగ్గాయి. విడుదల రోజు పొద్దున ఆఖరిదీ పోయి, పడగ్గది వంటింటి పక్కకొచ్చి కూర్చుంది. నోరీన్ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టింది. గ్లెనిస్ పెనం పట్టుకుని కాపలా కూర్చుంది.

తలుపు చప్పుడైంది. గ్లెనిస్ పెనం పైకెత్తింది.

"ఉత్తరమండోయ్!" పోస్ట్‌మ్యాన్.

నోరీన్ విప్పి చదివింది: రెండేళ్ళపాటు వేన్ ఈ ఊరి పొలిమేర తొక్కకూడదు. తొక్కితే మళ్ళీ జైలే. వాణ్ణి ఇంకెక్కడో దూరపు ఊళ్ళో దించారు.

నోరీన్ వెనక్కి తిరిగింది. మెట్లు పైకి, పైపైకి, చూపందనంత ఎత్తుకి పోయున్నాయి. వాడు రాకూడని ఒక్కో వారాన్నీ లెక్కపెడుతూ ఎక్కింది. నలభయ్యో మెట్టు మీద ఆయాసంతో కూలబడి, మోకాళ్ళు పట్టుకుని పకపకా నవ్వింది, ఏడ్చింది.

"ఎన్నే పిల్లా?" కింద నుంచి గ్లెనిస్ కేకేసింది.

"ఇంకా బోలెడున్నాయి పిన్నీ!"