ఐదో అభ్యర్థి

సాంస్కృతిక భవనం మేడమీద, రేడియో క్లబ్బు గదిలో, కార్యదర్శి వెలిన్ ఫోను పెట్టేసి నలుగురు విద్యార్థుల వంక చూశాడు.

"ఐదుగురు అభ్యర్థులుంటేనే రేడియో లైసెన్సు పరీక్షాధికారులు మన ఊరు వస్తారట. లేకుంటే మనమే రాజధాని సోఫియా వెళ్లి రాయాలి."

రదోస్తినాకు తన మిఠాయి దుకాణం మూసి వెళ్లడం కుదరదు. బస్సు నడిపే కామెన్‌కు సెలవు దొరకదు. మిగిలిన ఇద్దరూ వారిని చూసి చేరినవారే. ఈసారి వీళ్లు చెదిరితే మళ్లీ ఎవరూ ఈ మెట్లెక్కరని, దశాబ్దాలుగా ఇక్కడ పాఠాలు చెబుతున్న హరలాంపికి బాగా తెలుసు.

పాఠాలు చెప్పేది ఆయనే గాని, రేడియోలో మాట్లాడే లైసెన్సు మాత్రం ఆయనకు లేదు. చుక్కలు, గీతలతో సందేశం పంపే మోర్స్ పరీక్షను ప్రభుత్వం ఎత్తివేసిన ఏడాది, అలిగి, గడువు తీరిన లైసెన్సును ఆయన పునరుద్ధరించుకోలేదు. నాటి నుంచి రేడియోలో ఇతరుల మాటలు వినడమే తప్ప తాను పలకడం లేదు.

"ఐదో మనిషి ఈ గదిలోనే ఉన్నారు కదా మాస్టారూ?" అంది రదోస్తినా.

"నేనా? పరీక్ష పెట్టడానికి వచ్చే ఆ అధికారి ఒగ్న్యాన్ ఒకప్పుడు నా శిష్యుడు. వాడి ముందు నేను పలకా బలపం పట్టుకోవాలా?"

"ఈ పరీక్ష మేక కూడా పాసవుతుందని మొన్న మీరేగా అన్నారు!"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. ఆ నమూనా పత్రం ఇటు తే."

ఆయన తల ఎత్తకుండా రాశారు. వెలిన్ దిద్దాడు. విద్యుత్తు, యాంటెనాల ప్రశ్నల్లో ఒక్క తప్పూ లేదు. నియమాల భాగం దగ్గర వెలిన్ కలం ఆగింది.

"ఇందులో తప్పారండీ. మీరు రాసినవన్నీ పాత చట్టంలోవి."

"పాపం, మేక!" అన్నాడు కామెన్.

ఎవరూ నవ్వలేదు. హరలాంపి చెవులు ఎర్రబడ్డాయి. లేచి వెళ్లిపోతారేమోనని అందరూ తలుపు వైపు చూశారు. ఆయన కుర్చీని మాత్రం బల్లకు మరింత దగ్గరగా జరుపుకొన్నారు.

"వెలిన్, నా పేరు రాయి. అమ్మాయీ రదోస్తినా, ఆ నియమాల పుస్తకం తెరువు. రోజూ నన్ను నువ్వే అడగాలి. తప్పు చెబితే జాలి చూపకు."

"తప్పు చెబితే చెవి మెలిపెడతాను మాస్టారూ. మీరు మాకు చేసిందేగా!"

"మాటలాపి అడుగు."

మరుసటి నెల ప్రశ్నపత్రాలతో గదిలోకి వచ్చిన ఒగ్న్యాన్, మొదటి బల్ల దగ్గర కూర్చున్న మనిషిని చూసి గుమ్మంలోనే నిలిచిపోయాడు.

"మాస్టారూ! మీరిక్కడ... ఒక్క మాట చెబితే నేనే ఏదో ఒకటి..."

"ఏదో ఒకటి అక్కర్లేదు. ఐదుగురం ఉన్నాం, లెక్క చూసుకో. కాగితాలు పంచు."

కాగితం చేతికందగానే హరలాంపి కళ్లద్దాలు తుడుచుకొని, అన్నిటికన్నా ముందు నియమాల భాగం తీశారు.