సదాశివవి కాని కణాలు

ఆబిడ్స్‌లో కళ్ళజోళ్ళ దుకాణం నడిపిన సదాశివ 1976లో కాలేయ క్యాన్సర్‌తో చనిపోయాడు. అంతకుముందు ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి ఒక ముక్కను, అతని అనుమతితోనే, నాంపల్లిలోని ఒక పరిశోధనశాల తీసుకుంది. అతని రక్తంలో హెపటైటిస్ బి వైరస్ ఉండేది. ఆ వైరస్‌కూ గడ్డకూ ఉన్న సంబంధం తేలాలంటే శరీరం బయట బతికే కణాలు కావాలి. వాటిని పెంచే పని బందరు నుంచి వచ్చిన వరలక్ష్మి చూసేది.

గాజు సీసాల్లో కణాలు బాగానే పెరిగాయి. సదాశివ భార్య విద్యావతి అప్పుడప్పుడు దుకాణం మూసుకుని వచ్చి, "ఉన్నయా?" అని అడిగేది. ఒకసారి వరలక్ష్మి ఆమెకు సూక్ష్మదర్శినిలో చూపించింది కూడా. విద్యావతి చాలాసేపు కళ్ళు తీయలేదు.

అయితే సీసాల్లోని ద్రవంలో వైరస్ జాడ ఎంత వెతికినా దొరకలేదు. అనుమానం వచ్చి వరలక్ష్మి క్రోమోజోములు పరీక్షించింది. అవి ఆడమనిషి కణాలు. ప్రయోగాల కోసం విదేశం నుంచి తెప్పించి అదే గదిలో పెంచుతున్న మరో రకం కణాలతో అన్ని విధాలా సరిపోయాయి. ఎప్పుడో పొరపాటున అవి ఇందులో కలిసి, వేగంగా పెరిగి, సదాశివ కణాలను లేకుండా చేశాయి.

పై అధికారి శేషారత్నం సీసాలన్నీ పారేయించింది.

"ఆవిడకి ఇదంతా చెప్పకు. కణాలు చచ్చిపోయాయని చెప్పు, చాలు" అంది.

తర్వాతి వారమే విద్యావతి వచ్చింది.

"సంవత్సరీకం దగ్గరికొచ్చింది మేడమ్. అత్తమ్మ తొందర చేస్తున్నది. ఆయనది గీడ కొంత బతికుండంగ పిండం పెట్టుడు నాకు మనసొప్పుతలేదు."

వరలక్ష్మి ఆమెను కూర్చోమంది.

"మీరు చూసినవి ఆయనవి కావండీ. మా దగ్గరే వేరేవి కలిసిపోయాయి. ఆయనవి మొదట్లోనే పోయుంటాయి. తప్పు మాదే."

విద్యావతి సూక్ష్మదర్శిని వైపు చూసింది.

"మరి నేను చూసింది ఎవరిని?"

"ఎవరో విదేశీ ఆవిడ. పోయి చాలా ఏళ్ళయిందట."

"ఏడాది సంది ఎవరో ఆమెను చూసిపోయిన్నా నేను." ఆమె గొంతు పెరగలేదు. కొంగు సర్దుకుని లేచింది.

సంవత్సరీకం జరిగింది. ఆ వైరస్ ఇంట్లోవాళ్ళకూ అంటవచ్చు గనుక అందరూ రక్తపరీక్ష చేయించుకోవాలని వరలక్ష్మి కబురు పంపితే, విద్యావతి అత్తగారినీ కొడుకునూ వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళిద్దరికీ ఏమీ లేదు. వైరస్ విద్యావతి రక్తంలో ఉంది.

"ఆయనకొచ్చిందే నాకూ వస్తదా?"

"అందరికీ రాదండీ. కానీ ఏటా చూపించుకోవాలి."

విద్యావతి తల ఊపింది. "వస్తే మాత్రం నాది గూడ తీసుకోన్రి. గీసారి దేంట్లనూ కలవనియ్యకున్రి."

అలాంటి అవసరం రాదని చెప్పాలనిపించింది వరలక్ష్మికి. చెప్పలేదు. మళ్ళీ ఎప్పుడు రావాలో మాత్రం చెప్పి, గేటు దాకా వెళ్ళి ముగ్గురినీ రిక్షా ఎక్కించింది.